తొక్కితే తడబడే బండి

ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, నన్ను బాగా ఏడిపించిన బండి ఏదని అడుగుతుంటారు. ఏ పెద్ద లారీ సంగతో చెబుతానని వాళ్ల ఊహ. నేను చెప్పేది మాత్రం ఒక చిన్న కారు గురించి. నాచు రంగు వేసిన పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, కూర్చుని చెయ్యి పక్కకు జారిస్తే రోడ్డు మీది దుమ్ము వేళ్లకు అంటేది. అలాంటి బండి ఎనభైల్లో నరసరావుపేటలో తిరిగిందంటే వాళ్లు నమ్మరు. ఒక్కోసారి నాకూ నమ్మకం కుదరదు. ఆ ఎండ, మిరపకాయల ఘాటు, ఆ బండి, అన్నీ కలిసి మధ్యాహ్నపు మగతలో చూసిన వాటిలా ఉంటాయి. కానీ నాకు కలలు అంత వివరంగా రావు. కాబట్టి జరిగిందనే అనుకుంటాను.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. బండిలో కరెంటుకు సంబంధించింది ఏదైనా నా పని. బ్యాటరీ, డైనమో, సెల్ఫు, లైట్లు, వైరింగు. ఇంజను పని మా మేస్త్రీది. పల్నాడు రోడ్డు మీద ఒకే రేకుల షెడ్డును ఇద్దరం పంచుకున్నాం. ఆయన నాకన్నా బాగా పెద్దవాడు. పాత మసీదు వెనక వీధి వాళ్లది. తాతల నాడు జట్కా బళ్ల ఇరుసులు బాగుచేసేవాళ్లట. ఇంజను చప్పుడు వినేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. కొత్తగా వచ్చిన వాళ్లు ఆయన నిద్రపోతున్నాడనుకుని నా వైపు చూసేవాళ్లు. నిజానికి కొన్నిసార్లు నిద్రే పోయేవాడు.

మా ఇద్దరికీ ఒక తగువు ఎప్పుడూ ఉండేది. ఏ బండి మొరాయించినా ఆయన కాసేపు విని "కరెంటే తమ్ముడూ" అనేవాడు. నేను వైర్లన్నీ చూసి "పెట్రోలే మేస్త్రీ" అనేవాణ్ణి. ఎవరి మాట నెగ్గితే ఆ పూట టీ రెండోవాడు తెప్పించాలి. నాచురంగు బండి వచ్చిన తర్వాత ఎన్ని టీలు తాగామో గాని, ఎవరి మాటా నెగ్గలేదు.

ఆ బండి ఒక లారీల ఆసామి భార్యది. మాచర్ల వైపు నుంచి నాపరాళ్లు, సున్నపురాయి తోలే లారీలు ఆయనకు ఉండేవి. ఒకప్పుడు తానే లారీ నడిపి పైకొచ్చిన మనిషి. ఒక ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. మద్రాసు ఆసుపత్రిలో ఆయన నెలల తరబడి పడుకుని ఉంటే, ఇక్కడ లారీల వ్యవహారమంతా ఆవిడ మీద పడింది. ఆఫీసు జీపు నడపడం అప్పుడే నేర్చుకుంది. ఆయనకు పెట్టుడు కాలు బిగించే రోజుకు ఆవిడ మద్రాసు వెళ్లింది. ఆసుపత్రి పక్క సందులో ఒక గ్యారేజీ ముందు టార్పాలిన్ కప్పి ఉన్న ఈ బండి దగ్గర నిలబడిపోయిందట. గాలికి టార్పాలిన్ అంచు లేచి గుండ్రటి దీపం ఒకటి కనబడిందట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఫలానాది కావాలని నోరు తెరవని మనిషి, "ఇదొకసారి నడిపి చూడాలనుంది" అన్నదట. ఆయన ఆ బండిని ఊరికి తెప్పించేశాడు. ఇదంతా లారీ డ్రైవర్లు మేస్త్రీకి చెబితే మేస్త్రీ నాకు చెప్పాడు. చేతులు మారేటప్పుడు కొంత రంగు అంటి ఉండొచ్చు.

ఆవిడ నలభై దాటిన మనిషి. ముతక నూలు చీర, కొంగు నడుముకు బిగించి దోపి, తలకు తువ్వాలు చుట్టుకుని బండి తీసేది. లోడింగు చూసుకోవడానికి మాచర్ల వైపు క్వారీలకు పోయి పొద్దెక్కేసరికి తిరిగొచ్చేది. మొదట్లో ఊళ్లో చాలా మాటలే నడిచాయి. ఆడమనిషి, అదీ మూతలేని బండిలో, పిడుగురాళ్ల సున్నపు దుమ్ము కనురెప్పల మీద తెల్లగా అంటించుకుని వస్తుంటే జనం మాట్లాడకుండా ఎలా ఉంటారు. తర్వాత అలవాటు పడ్డారు.

మొదటిసారి షెడ్డుకొచ్చినప్పుడు ఆవిడ చెప్పిన మాట నాకింకా గుర్తుంది.

"మెల్లగా పోతే ఏం లేదు మేస్త్రీ. నిండా తొక్కితేనే వచ్చింది తంటా. దూకబోయి మధ్యలో ఆలోచనలో పడుద్ది."

"ఎంతసేపు పడుద్దమ్మా?"

"రెప్ప కొట్టేంత. మళ్లీ అందుకుంటది. కానీ ఆ రెప్పపాటు నేను ఏ లారీ పక్కనో ఉంటా."

అప్పటి రోడ్డు సంగతి ఇప్పటివాళ్లకు చెప్పాలి. నడుమ ఒక్క బండి పట్టేంత తారు, రెండు పక్కలా మట్టి. ఎదురుగా బండి వస్తే ఇద్దరూ చెరో రెండు చక్రాలు మట్టిలోకి దించాలి. ముందుపోయే లారీని దాటాలంటే కుడివైపు మట్టిలోకి దిగి, గట్టిగా తొక్కి, ఎదురు బండి వచ్చేలోపు మళ్లీ తారెక్కాలి. ఆ గట్టిగా తొక్కే చోటే ఈ బండి ఆలోచనలో పడుతోంది.

మేము చూడనిది లేదు. నేను ప్లగ్గులు మార్చాను. పాయింట్లు, కండెన్సరు మార్చాను. కాయిల్ ఇంకోటి పెట్టి చూశాను. మేస్త్రీ కార్బురేటర్లు రెండూ విప్పి, గుడ్డ మీద పరిచి, చేప ముల్లు తీసినట్టు ఒక్కొక్క ముక్కా తీసి కడిగాడు. పెట్రోలు ట్యాంకు దింపి గుంటూరు నుంచి కొత్త గొట్టం తెప్పించి వేశాడు. షెడ్డులో నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కి రైజ్ చేస్తే బండి బంగారంలా పలికేది. మేస్త్రీ కళ్లు మూసుకుని వింటూ, ముఖంలో ఒక రకమైన సంతోషంతో తల ఊపేవాడు. ఆవిడ తీసుకెళ్లేది. మర్నాడో ఆ మర్నాడో తిరిగొచ్చి, ఏమీ అనకుండా తాళం మేస్త్రీ చేతిలో పెట్టేది. కోప్పడి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది మాకు.

అలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆమె భర్త షెడ్డుకొచ్చాడు. రిక్షా దిగి, చేతికర్ర ఊతంతో నడిచి వచ్చి, మా బల్ల మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి, వెడల్పాటి భుజాలు, మాట మాత్రం చాలా నెమ్మది. కాసేపు బండి వంక చూస్తూ ఉన్నాడు. దాని మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

"దొరికిందా దీని రోగం?" అన్నాడు.

"వెతుకుతున్నామయ్యా" అన్నాడు మేస్త్రీ.

"వెతకమాకండి."

మేస్త్రీ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఆమెకు ఈ మాట చెప్పమాకండి" అన్నాడాయన. "ఆగుద్దని తెలిసిందగ్గర్నించీ కాస్త జంకుతా నడుపుతోంది. అది బాగైందంటే మళ్లీ గాలిలో పొయ్యిద్ది. దొరకలేదని చెప్పండి. అట్టా ఉండనియ్యండి."

సమాధానం కోసం చూడకుండా లేచి రిక్షా ఎక్కాడు. ఆయన పోయాక నాకు మనసు మనసులో లేదు.

"ఇదేంది మేస్త్రీ, ఆవిడకి అబద్ధం చెబుదామా?" అన్నాను.

మేస్త్రీ చేతులు కిరసనాయిలుతో తుడుచుకుంటూ ఆలోచించాడు. "అబద్ధమేముంది తమ్ముడూ? మనకు దొరకలేదుగా. దొరకలేదని చెప్పడం నిజమేగా."

అంత నిజాయితీగా పని చేతకాకపోవడం మా షెడ్డులో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఆ రోజు టీ ఎవరు తెప్పించాలో కూడా తేలక ఎవరి టీ వాళ్లు తాగాం.

తర్వాత వారం ఆవిడ వచ్చినప్పుడు తాళం మేస్త్రీ చేతిలో పెట్టలేదు. స్టీరింగు ముందు నుంచి లేవలేదు కూడా.

"షెడ్డులో నిలబెడితే ఇది నిజం చెప్పదు. మీలో ఒకరు నా పక్కన కూర్చోండి" అన్నది.

మేస్త్రీ తన పొట్ట వంక, ఆ సీటు వంక చూసుకుని, నా వైపు తిరిగాడు. వైర్ల సంచి ఒళ్లో పెట్టుకుని నేనెక్కాను.

నకరికల్లు దాకా మెల్లగానే పోయాం. ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. పత్తి ఏరేసిన చేలల్లో కట్టె మాత్రం మిగిలి ఉంది, దాని మీద అక్కడక్కడ తెల్లటి పోగులు. రోడ్డు పక్క కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చూసినంత మేర ఎరుపు. అంత కిందుగా కూర్చుని పోతుంటే ఆ ఎరుపు మన కళ్ల ఎత్తున పారుతున్నట్టుంటుంది. గాలి ముఖానికి కొడుతుంటే ఘాటుకు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, అయినా మూసుకోబుద్ధి కాలేదు. ఆ బండిలో మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ ఉండదని నాకు అప్పుడర్థమైంది.

నకరికల్లు దాటాక బండి తిప్పింది. తిరుగు దోవలో మా ముందు నాపరాళ్ల లోడుతో లారీ ఒకటి మూలుగుతూ పోతోంది.

"మా లారీనే" అన్నది ఆవిడ. "చూడు ఇప్పుడు."

హారన్ కొట్టి కుడివైపుకు దిగింది. ముందు రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కింది. బండి ముందుకు ఎగిరినట్టయింది. నా వీపు సీటుకు అతుక్కుంది. సరిగ్గా అప్పుడు ఒక చిన్న సంగతి చూశాను. మా ఇద్దరి మధ్య ఉన్న గేరు రాడ్డు, ఎవరూ ముట్టుకోకుండానే, మెల్లగా నా మోకాలి వైపు వాలింది. అది వాలడం, ఇంజను గొంతు టక్కున ఆగిపోవడం ఒకేసారి జరిగాయి.

ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉన్నట్టు ఉంటుంది నా జ్ఞాపకంలో. లారీ చక్రం నా చెవి పక్కన తిరుగుతోంది, నాకన్నా ఎత్తుగా. దాని నట్లు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ముందు మలుపులోంచి బస్సు వచ్చింది. ఇంజను మళ్లీ అందుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ అరవలేదు, బ్రేకు కొట్టలేదు. స్టీరింగు ఇంకా కుడికి తిప్పేసింది. రెండు తుమ్మచెట్ల సందులోంచి దూరి, గట్టు దిగి, ఒక కళ్లం అంచున ఆగాం. ముందు చక్రాలకు జానెడు దూరంలో మిరపకాయలు.

బస్సు ఆగకుండా పోయింది. లారీ ఆగింది. డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ చేత్తో పొమ్మని సైగ చేసి, "లోడు లేటైద్ది, పో. మేం వస్తాం" అన్నది. వాడు వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయాడు.

కళ్లం కాపలా ఉన్న ముసలామె పాక లోంచి కర్ర పట్టుకుని వచ్చింది. "ఏమే, ఎవరింటి దానివే నువ్వు? ఏంది నీకంత తొందర?"

"తొందరేం లేదు పెద్దమ్మా. బండి ఆగింది."

"ఆగితే దిగాలి గానీ, వచ్చి నా కాయల్లో పడతావా?" అని, ఆవిడ ముఖం చూసి, కర్ర కింద పడేసి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆవిడ తాగుతుంటే చెంబు వణికి నీళ్లు మోచేతి వెంట కారాయి. అంతవరకు ఆవిడకు భయమేసిందని నాకు తెలియలేదు.

నేను దిగి బానెట్ ఎత్తాను. ఆ గేరు రాడ్డు వాలడం కళ్ల ముందు నుంచి పోలేదు. రాడ్డు వాలిందంటే గేరు బాక్సు ఒరిగింది. గేరు బాక్సు ఒరిగిందంటే ఇంజను మొత్తం ఒరిగింది. ఆవిణ్ణి మళ్లీ కూర్చోమని, గేరులో వేసి, చేతి బ్రేకు గట్టిగా లాగి పట్టుకుని, క్లచ్చు కొంచెం వదులుతూ తొక్కమన్నాను. బండి కదలకూడదు, ఇంజను మీద మాత్రం బరువు పడాలి.

ఆవిడ తొక్కింది. ఇంజను, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు, మెల్లగా ఒరిగింది. దాన్ని మోసే ఫౌండేషన్ రబ్బర్లు పాతబడి మెత్తబడిపోయాయి. అది ఒరగగానే, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్నటి వైరు ఒకటి, అప్పటిదాకా వదులుగా వేలాడుతున్నది, తీగలా బిగిసింది. ఇంజను గొంతు ఆగింది. ఆగగానే మళ్లీ యథాస్థానానికి వచ్చింది. వైరు వదులైంది. ఇంజను అందుకుంది.

ఇంజను కట్టేయమని, ఆ వైరును వేళ్ల మధ్య వంచి చూశాను. పైన తొడుగు చెక్కుచెదరలేదు. ఒక చోట మాత్రం లోపల ఎముక లేనట్టు వంగింది. లోపలి రాగి పోగులు తెగి, ఒకదానికొకటి ఊరికే ఆని ఉన్నాయి. ఇంజను ఒరిగినప్పుడల్లా విడిపోయి, మళ్లీ కలుసుకుంటున్నాయి. షెడ్డులో ఖాళీగా రైజ్ చేస్తే బరువు పడదు, కాబట్టి ఒరగదు. మేము వారాల తరబడి నిలబడిన బండిని అడిగాం. అది పరిగెత్తేటప్పుడు మాత్రమే చెప్పే మాట.

రబ్బర్లు మేస్త్రీవి, వైరు నాది. ఇన్ని రోజుల మా తగువులో ఇద్దరం సగం సగం గెలిచాం.

"దొరికిందా?" అన్నది ఆవిడ.

ఆ వైరు నా చేతిలో ఉంది. లారీల ఆసామి మాటలు నా చెవిలో ఉన్నాయి. దొరకలేదని చెప్పడం ఇక నిజం కాదు. బండి తడబడితే ఆవిడ నెమ్మదిగా పోతుందని ఆయన అనుకున్నాడు. ఆవిడ పోయే దారి నెమ్మదిగా పోనిచ్చేది కాదు. దాటాల్సిన లారీలు రోజూ ఉంటాయి. నేను కాసేపటి కింద ఆ చక్రం నట్లు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా చూశాను. ఆయన చూడలేదు.

"దొరికిందమ్మా" అన్నాను.

సంచిలోంచి కొత్త వైరు తీసి, ఈసారి ఇంజను ఒరిగినా బిగియకుండా ఒక చుట్ట ఎక్కువే వదిలి, బిగించాను. ముసలామె పక్కన నిలబడి చూస్తూ, "ఇంత సన్న దారానికా ఇంత గోల?" అన్నది.

తర్వాత నరసరావుపేట దాకా ఎలా వచ్చామో నేను సరిగ్గా చెప్పలేను. రోడ్డు ఖాళీగా దొరికిన చోట ఆవిడ తొక్కింది. ఈసారి గేరు రాడ్డు వాలింది గాని, గొంతు ఆగలేదు. అది పెరుగుతూ, పెరుగుతూ, ఒక దగ్గర చప్పుడన్నది లేకుండా పోయిందనిపించింది. చెట్లు మా మీదుగా వెనక్కి జారాయి. దూరంగా కోటప్పకొండ మాత్రం కదలకుండా, మేము ఎంత పోతున్నా అలాగే మా పక్కనే ఉంది. ఆవిడ తలకు చుట్టుకున్న తువ్వాలు వదులై ఎగిరిపోయింది. ఆపి తెచ్చుకోలేదు. నేను అంతకుముందు గాని, ఆ తర్వాత గాని ఎన్నో బండ్లెక్కాను. ఎక్కడికీ చేరనక్కరలేదనిపించింది ఆ ఒక్కసారే.

షెడ్డు ముందు ఆయన నిలబడి ఉన్నాడు. లారీ డ్రైవరు మాకన్నా ముందొచ్చి చెప్పేశాడు. మేస్త్రీ ఆయన వెనకాల, నేలచూపులు చూస్తూ.

"దెబ్బలేమన్నా తగిలినయ్యా?" అన్నాడాయన.

"లేదు" అన్నది ఆవిడ.

ఆయన నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "బాగుచేశావా?"

"చేశానయ్యా."

"నేనేం చెప్పా నీకు?"

ఆ మాట అన్నాక గాని ఆవిడ ఎదురుగా అన్నానని ఆయనకు తట్టలేదు. ఆవిడ స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి అడిగింది.

"ఏం చెప్పావు ఈయనకి?"

ఆయన చూపు చేతికర్ర మీదికి దించుకున్నాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. బాగుచేయొద్దన్నారని, దొరకలేదని చెప్పమన్నారని, అది దొరకకముందు మాటని. ఆ చక్రం సంగతి కూడా చెప్పాను. "నెమ్మదిగా పోయేటప్పుడు ఆగడం లేదయ్యా అది. దాటేటప్పుడే ఆగుతోంది. ఇయ్యాళ అట్టాగే ఆగింది" అన్నాను.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. కర్ర రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. మాకెవరికీ కాదన్నట్టు, నేల వంక చూస్తూ మాట్లాడాడు.

"ఆ రోజు లారీ నేను నడపలా. డ్రైవరు నడుపుతున్నాడు. నేను పక్కన పడుకున్నా. మంచి నిద్ర. లేచేసరికి కాలు లేదు. నడిపినోడు లేడు. ఏమైందో ఇప్పటికీ నాకు తెలవదు. ఎదురేమొచ్చిందో, వాడు ఏమన్నా అరిచాడో, నన్ను లేపాడో, ఏం తెలవదు. అంతా అయ్యాక లేచా."

కర్ర కొన నేల మీద అటూ ఇటూ తిప్పాడు.

"ఈమె తెల్లారి బండి తీసిద్ది. వచ్చిందాకా అరుగు మీద కూర్చుంటా. ఆ చప్పుడు వీధి మొగలో వినబడిందాకా మంచినీళ్లు కూడా గొంతు దిగవు. ఆగుద్దిలే, జంకుతదిలే అనుకుంటే కాస్త తెరిపిగా ఉండేది."

ఆవిడ ముఖం చూస్తే, ఈ మాటలు ఆవిడా మొదటిసారి వింటోందని తెలిసింది. ఒక ఇంట్లో ఉంటూ, ఒక లారీల ఆఫీసు నడుపుతూ, ఇన్నేళ్లూ ఈ సంగతి వాళ్ల మధ్య మాట్లాడకుండానే గడిచిపోయింది.

"నాకు చెప్పలా" అన్నది.

"నువ్వు ఎప్పుడూ ఏదీ అడగలా. అడిగింది ఇదొక్కటే. దాన్ని ఎట్టా వద్దంటా?"

ఆవిడ చెయ్యి చాపి, ఎడమ వైపు తలుపు లోపల్నుంచి తీసింది.

"ఎక్కు" అన్నది.

"నేనా?"

"అరుగు మీద కూర్చునేది ఇక్కడ కూర్చో. చప్పుడు దగ్గర్నించి వినబడిద్ది."

మేస్త్రీ నా చెయ్యి గిల్లాడు, ఎందుకో నాకు తెలియదు. ఆయన లేచి బండి దగ్గరికి వెళ్లాడు. అది వచ్చిన దగ్గర్నుంచి ఆయన అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదని మేస్త్రీ తర్వాత చెప్పాడు. అంత కిందికి దిగడం ఆయనకు కష్టమైంది. ముందుగా సీటు అంచున కూర్చుని, మంచి కాలు లోపల పెట్టి, తర్వాత పెట్టుడు కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. కర్ర నా చేతికిచ్చాడు. ఇచ్చి, నా కళ్లలోకి చూశాడు.

"మళ్లీ ఆగదుగా?"

నా పనిలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. దేనికీ అంత భయపడి జవాబు చెప్పలేదు.

"ఆగదయ్యా" అన్నాను.

వాళ్లు పిడుగురాళ్ల వైపు పోయారు. మేము మిగతా పనులు చూసుకున్నాం, అంటే చూసుకుంటున్నట్టు ఉన్నాం. నేను ఒక ట్రాక్టరు లైట్ల వైర్లు బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించాను. మేస్త్రీ ఆ బండికి కొత్త ఫౌండేషన్ రబ్బర్లు ఎక్కడ దొరుకుతాయో నాతో రెండు మూడుసార్లు చర్చించాడు. ఎండ తగ్గింది. మాచర్ల ప్యాసింజరు కూత వినబడింది. వాళ్లు రాలేదు.

"వైరు గట్టిగా బిగించావుగా?" అన్నాడు మేస్త్రీ.

"బిగించా."

"చుట్ట వదిలావుగా?"

"వదిలా మేస్త్రీ."

మేస్త్రీ కళ్లు మూసుకుని రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆయనే ముందు విన్నాడు. లేచి నిలబడ్డాడు. కాసేపటికి నాకూ వినబడింది. గట్టిగా కాదు, చాలా మెల్లగా, రెండో గేరులో వస్తున్న చప్పుడు. ఏదో అయ్యిందనుకున్నాను. పరిగెత్తబోయాను.

బండి షెడ్డు ముందుకొచ్చి నిలిచింది. ఇంజను ఆపలేదు. ఆవిడ జుట్టు, కనుబొమలు, చీర, అన్నీ సున్నపు దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. పక్క సీట్లో ఆయన తల ఒక పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్లో వదిలేసి ఉన్నాడు. తర్వాత గురక వినబడింది. ఇంజను చప్పుడు కింద, దానితో కలిసి, నిదానంగా.

మేస్త్రీ గూటిలో మోగుతున్న రేడియో కట్టేశాడు. నా చేతిలో పానా ఉంది, దాన్ని కింద పెట్టడానికి కూడా భయమేసింది.

నేను ఆయన కర్ర తీసుకుని బండి దగ్గరికి వెళ్లాను. ఆవిడ చెయ్యి ఎత్తి వద్దన్నది. గుసగుసగా మాట్లాడింది.

"గురజాల దాటినాక పడుకున్నాడు. అప్పణ్ణించి లేవలా."

"లేపుదామా అమ్మా?"

"ఆపితే లేస్తాడు" అన్నది. ఆయన వంక ఒకసారి చూసి, క్లచ్చు తొక్కి, చప్పుడు కాకుండా గేరు వేసింది. "ఇంకొంచెం దూరం తిప్పుకొస్తా."

నాచురంగు బండి మెల్లగా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే, మళ్లీ నకరికల్లు రోడ్డెక్కింది.